సినిమా ఆగిన కాడికెల్లి

ఆ కంకి అటు తిప్పు బిడ్డా, ఒక దిక్కే మాడుతున్నది. ఫోను పక్కకు పెట్టు. 'మైదాన్' సినిమా అయిపోయిందంటివి గదా, ఇంకేం జూస్తున్నవు? నేను గూడ చూసిన అది, మీ అత్త చూపెట్టింది. మంచిగనే తీసిండ్రు. హైదరాబాద్ రహీం సాబు రోగంతోని ఉండి గూడ మన ఫుట్‌బాల్ జట్టును జకార్తకు తీస్కపోతడు, లక్ష మంది మన మీద అరుస్తుంటరు, కొరియా ఓడిపోతది, మనకు బంగారు పతకం వస్తది. అంతటితోని బొమ్మ ఖతం. మీరు చప్పట్లు గొట్టి పండుకుంటరు. నాకు మాత్రం నిద్ర పట్టలే. ఎందుకంటే ఆ జట్టుల ఉన్న ఒక పిలగాని ముచ్చట జకార్త తర్వాతనే అసలు మొదలైతది. అది ఏ సినిమాల లేదు.

షెంగా చట్నీ ఇటు జరుపు. మీ నాయనను గూడ పిలువు, ఆయన గూడ ఇనాలె. సిద్ధేశ్వర్ జాతర దినాలల్ల తప్ప మనమందరం ఒక్క కాడ ఎప్పుడు కూసుంటం?

ఆ పిలగాని పేరు బలరాం. తుల్సీదాస్ బలరాం. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లు ఒక్క తీరుగ, ఒక్క ఊపిరిల అనేటోళ్ళు అప్పుడు. పీకే కుడి దిక్కు, చునీ నడుమ, బలరాం ఎడమ దిక్కు. ఇప్పటి దాకా మన దేశంల అటువంటి ముగ్గురు ఒక్కసారి మళ్ల రాలేదని ఆట తెలిసినోళ్ళు అంటరు.

బలరాం 1936ల పుట్టిండు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. లష్కర్ ఊరు అది, మిలిటరీ ఛావనీ పక్క బస్తీ. తల్లిదండ్రులు తమిళులు, బీదోళ్ళు. అక్కడ ఏ దిక్కు చూసినా మైదానమే, ఏ మైదానం చూసినా సిపాయిలు బంతి తన్నుకుంట ఉంటరు. చూసి చూసి ఈ పిలగాడు గూడ తన్నుడు నేర్చిండు. బూట్లు యాడివి? పోలీసోళ్ళు పారేసిన పాత బూట్లు తెచ్చి, చెప్పులు కుట్టేటాయన కాడ కూసుండి, వాటినే కోయించి కుట్టించుకున్నడని చెప్పుకుంటరు. అడుగున తోలు ముక్కలు కొట్టిస్తే అవే ఫుట్‌బాల్ బూట్లు.

మా మేనమామ సికింద్రాబాద్‌ల ఉండేది. బతుకమ్మ పండుగకో, దసరాకో మేము మా అమ్మతోని పోతుంటిమి. మామ నన్ను ఫతే మైదాన్ తీస్కపోయేది. టికెట్ కొననీకి పైసలుంటే లోపటికి, లేకుంటే గోడ మీదికి. హైదరాబాద్‌ల అప్పుడు ఫుట్‌బాల్ అంటే పిచ్చి. మీకిప్పుడు క్రికెట్ ఎట్లనో అట్ల. హైదరాబాద్ సిటీ పోలీస్ అని ఒక జట్టు ఉండె. 1950 నుంచి 1954 దాకా ఐదేండ్లు వరుసగ బొంబాయి పోయి రోవర్స్ కప్ గెలిచిండ్రు. ఐదేండ్లు! ఇంకొగరికి దొరకనియ్యలే.

మరి హైదరాబాద్ నుంచి బొంబాయికి రైలు ఏ దిక్కునుంచి పోతది? వాడి, గుల్బర్గా, హోట్గి, సోలాపూర్. మన స్టేషన్ మీదికెల్లే పోవాలె. మా నాయన గిరణి నుంచి ఇంటికొచ్చి చెప్పేటోడు, "ఇయ్యాల్ల హైదరాబాదోళ్ళు మన మీదికెల్లి పోయిండ్రంట" అని. చూసిండా లేదా దేవునికెరుక. కని ఆ మాట అన్నప్పుడు ఆయన మొఖం చూడాలె. మనం ఊరు ఇడిసి వచ్చినోళ్ళం బిడ్డా. నిజాం కాలంల మగ్గం బతుకనియ్యకపోతే తెలంగాణ పల్లెలకెల్లి కుటుంబాలకు కుటుంబాలు ఈ సోలాపూర్‌కు వచ్చినయి. మరాఠీ గడ్డ మీద తెలుగు మాట్లాడుకుంట బతుకుతున్నం. అట్లాంటోనికి హైదరాబాద్ జట్టు గెలిచిందంటే ఇంట్ల పెండ్లి అయినట్టే.

ఆ జట్టు వెనక ఉన్నది రహీం సాబు. బడి పంతులు ఆయన. పంతులు కాబట్టే పిలగాండ్లకు ఎట్ల చెప్తే ఎక్కుతదో ఆయనకు ఎరుక. ఒక ముచ్చట చెప్త, మా మామ చెప్పింది. రహీం సాబు పోటీలు పెట్టేటోడు, అండ్ల బంతిని కాళ్ళల్ల పెట్టుకొని తిప్పుకుంట ఉరికేది లేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే ఇంకొకనికి ఇయ్యాలె. మరొక పోటీల నీకు ఏ కాలు మంచిగొస్తదో ఆ కాలు తోని తన్నొద్దు. రెండో కాలుతోనే ఆడాలె. కుడికాలోడు ఎడమ కాలుతోని తన్నబోయి బంతి ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు పడుతుంటే చూసెటోళ్ళు నవ్వి నవ్వి సచ్చేటోళ్ళు. ఆరు నెలలు పోతే నవ్వు పోయేది. అట్ల తయారైనోని ముందర రక్షణకు నిలబడ్డోడు ఏ కాలును కాచుకోవాలె? ఏ దిక్కుకు అంచనా ఏసుకోవాలె?

బలరాంను చూసి సంతోష్ ట్రోఫీ ఎంపికకు రమ్మన్నది ఆయనే. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానం దాకా రోజూ రావాలంటే మాటలా? ఆ పిలగాని కాడ సైకిల్ లేదు. రహీం సాబు సైకిల్ కిరాయికి పైసలు తన జేబుల నుంచి ఇచ్చిండు. గంతే. పెద్ద ఉపన్యాసం లేదు, నువ్వు దేశానికి ఆడుతవు కొడుకా అని దీవెన లేదు. కిరాయి పైసలు ఇచ్చిండు, పిలగాడు వచ్చిండు. చానమంది పిలగాండ్ల ఆట ఆ కిరాయి పైసల కాడనే ఆగిపోతది, అది మీరు యాది పెట్టుకోండ్రి.

1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్. బలరాంకు 20 ఏండ్లు. ఆ ఏడు మన జట్టు సెమీ ఫైనల్ దాకా పోయింది. ఆసియా ఖండం నుంచి ఏ జట్టు గూడ అప్పటి దాకా అంత దూరం పోలేదు. ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీద 4-2తోని కొట్టిండ్రు. నెవిల్ డిసూజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టిండు. యుగోస్లావియా చేతిల ఓడినం, నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల నాలుగో స్థానం! ఇయ్యాల చెప్తే నమ్ముతరా ఎవలన్న?

హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ జట్టుల బలరాం ఉన్నడు. ఇగ 1957ల కలకత్తా పిలిచింది. ఈస్ట్ బెంగాల్. ఆ క్లబ్బుకు దక్షిణాది ఆటగాండ్లంటే పాత ప్రేమ. బలరాం పోకముందు వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే అని ఐదుగురు ఆడేటోళ్ళు అండ్ల, వాళ్ళను కలకత్తా జనం పంచపాండవులు అని పిలిచేటోళ్ళు. మనోళ్ళు పోయి అక్కడ పాండవులైండ్రంటే చూడు! కని పాండవులు పోయినంక ఆ జాగలకు వచ్చుడు మామూలా? బలరాం వచ్చిండు. ఆ క్లబ్బుకు వంద మీద గోల్స్ కొట్టిండు. 1961ల కెప్టెన్ అయిండు, ఆ ఏడు కలకత్తా లీగ్ గెలిపిచ్చిండు, లీగ్‌ల అందరికన్న ఎక్కువ గోల్స్ గూడ ఆయనవే.

నడుమల 1960 రోమ్ ఒలింపిక్స్. హంగరీ మీద మనోళ్ళు 1-2తోని ఓడిపోయిండ్రు, ఆ ఒక్క గోల్ బలరాందే. ఆ హంగరీ జట్టు కంచు పతకం పట్టుకొని ఇంటికి పోయింది, అంత మొనగాండ్లు వాళ్ళు. ఫ్రాన్స్‌ను 1-1తోని ఆపిండ్రు. పెరూ మీద మళ్ల ఓడినా మళ్ల గోల్ బలరాందే.

అయితే ఒకటి చెప్పాలె. ఈ గోల్స్ అన్నిటికన్న ఎక్కువ ముచ్చట ఆయన ఇచ్చిన బంతులది. గోల్ ఎవలు కొట్టినా బంతి ఇచ్చినోడు ఆయనే అన్న మాట ఆ కాలంల తరుచు ఇంటుంటిమి. గోల్ కొట్టినోని పేరు పేపర్ల వస్తది. బంతి ఇచ్చినోని పేరు ఎవలు రాస్తరు?

జకార్త మీరు సినిమాల చూసిండ్రు, నేను తొందరగ చెప్త. 1962. ఇండోనేషియా సర్కారు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆటలకు రానియ్యలే. మన దేశపు జీడీ సోంధీ అనే పెద్దమనిషి, ఇట్లైతే వీటిని ఏషియన్ గేమ్స్ అనొద్దు అన్నడు. అంతే, జకార్త జనమంతా మన జెండా మీద, మన ఆటగాండ్ల మీద కోపం తీర్చుకున్నరు. మన ఆటగాండ్లు బస్సుల తలలు దించుకొని పోవాల్సొచ్చింది. మొదటి ఆటలనే కొరియా మనను 2-0తోని కొట్టింది. ఆ తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. ఆ రెండు ఆటలల్ల గూడ బలరాం గోల్ ఉన్నది. రక్షణల ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తాకి కుట్లు పడ్డయి. కుట్లున్న తలతోని వెనక నిలబెట్టుడెందుకని రహీం సాబు ఆయనను ముందుకు తెచ్చి గోల్స్ కొట్టే జాగల పెట్టిండు. సెప్టెంబర్ 4 నాడు ఫైనల్ల మళ్ల అదే కొరియా. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టిండ్రు. 2-1. లక్ష మంది అరుస్తుంటే మనకు దన్నుగ అరిచింది ఎవలనుకున్నరు? పాకిస్తాన్ హాకీ జట్టు. పీకే బెనర్జీ ఆ ముచ్చట ముసలితనం దాకా చెప్పుకున్నడు.

ఆ ఏడే బలరాంకు అర్జున అవార్డు ఇచ్చిండ్రు. ఆ ఏడే ఈస్ట్ బెంగాల్, ఆంధ్రప్రదేశ్ పోలీస్ రెండు జట్లు బొంబాయిల రోవర్స్ కప్ కలిసి పంచుకున్నయి. పాత ఊరూ కొత్త ఊరూ ఒక్క కప్పు మీద రెండు చేతులు పెట్టినయి. సినిమా అయితే ఇక్కడ ఆపుతరు. మనం ఇక్కడికెల్లి పోదాం.

1963. ఇగ ఆ ఏడు సంగతి.

జూన్ 11 నాడు రహీం సాబు పోయిండు. ఊపిరితిత్తుల క్యాన్సర్. 53 ఏండ్లు. హైదరాబాద్ ఏడ్చింది, అది మీకు తెలుసు. ఆ ఏడే, ఆయన తయారు చేసిన పిలగానికి గూడ ఛాతిలనే రోగం వచ్చింది. ప్లూరసీ అన్నరు డాక్టర్లు. బలరాం అప్పుడు ఈస్ట్ బెంగాల్ ఇడిసి రైలోళ్ళ జట్టు బీఎన్‌ఆర్‌కు వచ్చిండు. 27 ఏండ్లు. ఆటగాడు బాగ పండే వయసు. కాళ్ళు ఉన్నయి, బుర్ర ఉన్నది, చూపు ఉన్నది. ఊపిరి లేదు. ఇగ ఆడొద్దన్నరు.

ప్లూరసీ అంటే ఏందో మన గల్లీల ముసలోళ్ళకు డాక్టర్ చెప్పే పని లేదు. ఊపిరితిత్తుల చుట్టూ రెండు పల్చటి పొరలుంటయి. అవి ఒకదాని మీద ఒకటి నున్నగ జారుతుంటేనే మనం దమ్ము తీసుకుంటం. ఆ పొరలు వాచినయంటే దమ్ము లోపటికి పోయినప్పుడల్లా కత్తితోని పొడిచినట్టు. ఒక్కోసారి ఆ రెండిటి నడుమ నీరు చేరుతది. అప్పట్ల చాలా మందికి అది క్షయతోని వచ్చేది. మందులు వచ్చినయి, మనిషిని బతికిచ్చేటోళ్ళు. కని 90 నిమిషాలు మైదానంల ఉరుకుడు వేరు ముచ్చట.

మా నాయన గిరణిల పత్తి దుమ్ముల పని చేసినోడు. సుట్టీ రోజు ఇంటి కాడ మంచిగనే ఉండేటోడు. సుట్టీ అయిపోయి మళ్ల గిరణికి పోయిన నాడు, అదే నాడు, ఛాతి బిగుసుకుపోయేది. మంచం మీద కూసుండి రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టి, నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ దమ్ము తీసేటోడు. పండుకుంటే దమ్ము రాదు. అమ్మ వీపు రాసుకుంట, మాట్లాడకు, మాట్లాడకు అనేది. చిన్నగున్నప్పుడు నాకు అది రోజుల లెక్కనే అనిపించేది, ఇయ్యాల్ల మొదటి దినం, నాయనకు ఛాతి పడుతది అని. పత్తి దుమ్ముతోని వచ్చే రోగానికి ఆ తీరే ఉంటదని చానా ఏండ్లకు ఒక డాక్టర్ చెప్తే అర్థమైంది. ఇంట్ల ఆడోళ్ళు తునికాకుల తంబాకు పెట్టి బీడీలు చుట్టేది, ఆ ఘాటు మూల మూలకు ఉండేది. అందుకనే బలరాంకు ఛాతి పట్టింది, ఇగ ఆడడు అని పేపర్ల చదివిన నాడు, గోల్స్ లెక్క కాదు నాకు యాదికొచ్చింది. మంచం మీద నాయన భుజాలు యాదికొచ్చినయి.

చిన్న వయసుల పోయినోళ్ళు ఈ సోలాపూర్‌కు కొత్తకాదు బిడ్డా. డాక్టర్ కోట్నీస్ ఈ ఊరోడే, చైనాల సిపాయిలకు వైద్యం చేసుకుంట 32 ఏండ్లకే పోయిండు. 1931 జనవరి 12 నాడు ఇంగ్లీషోడు మన ఊరోళ్ళను నలుగురిని ఉరి తీసిండు, మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ షిందే, కిసన్ సార్డా, కుర్బాన్ హుసేన్. వాళ్ళకు చౌరస్తాల విగ్రహాలున్నయి, ఏడాదికొకసారి దండలు పడుతయి. చిన్న వయసుల పోయినోడు చిన్న వయసులనే ఉండిపోతడు జనం మనసుల. ఆట చిన్న వయసుల పోయి మనిషి ఉండిపోతే? వానికి దండ ఎవలు ఏస్తరు, ఎప్పుడు ఏస్తరు?

చిన్నోడా, నువ్వు అడగబోతున్నది నాకు తెలుసు. ఆడుకుంట ఆడుకుంటనే సచ్చిపోయినోళ్ళు లేరా అని. ఉన్నరు. అది గూడ చెప్త, ఎందుకంటే అది గూడ ఈస్ట్ బెంగాల్ చొక్కా తొడిగినోనిదే.

బ్రెజిల్ నుంచి వచ్చిండు ఆ పిలగాడు. క్రిస్టియానో జూనియర్. అప్పటికి కాలం మారింది. 1996ల నేషనల్ లీగ్ పెట్టినంక ఆటగాండ్లు ఆఫీసు నౌకరీ కోసం కాదు, కాంట్రాక్టు మీద పగార్‌కు ఆడుడు మొదలైంది. దేశదేశాల నుంచి ఆటగాండ్లు వచ్చిండ్రు. జూనియర్ ముందు ఈస్ట్ బెంగాల్‌కు ఆడిండు, ఆ జట్టు నేషనల్ లీగ్ గెలిచింది. తర్వాత గోవాల డెంపో క్లబ్బుకు పోయిండు. 2004 డిసెంబర్ 5. బెంగళూరు కంఠీరవ స్టేడియం, ఫెడరేషన్ కప్ ఫైనల్, ముందర మోహన్ బగాన్. మొదటి గోల్ ఆయనే కొట్టిండు. రెండో గోల్ కోసం ఉరికిండు. గోల్‌కీపర్ ఎదురొచ్చిండు. బంతి గోల్లకు పోయింది, ఇద్దరు గుద్దుకున్నరు. జూనియర్ పడ్డడు. మళ్ల లేవలే. 25 ఏండ్లు.

దవాఖానకు తీస్కపోయేసరికే గుండె ఆగిపోయింది. డెంపో ఆ ఫైనల్ 2-0తోని గెలిచింది, రెండు గోల్స్ గూడ సచ్చిపోయినోనివే. అటువంటి కప్పును చేతిల పట్టుకున్నోళ్ళ గతి ఏమైతదో ఆలోచన చేయి. ఆ సీజన్‌లనే డెంపో నేషనల్ లీగ్ గూడ గెలిచింది. జూనియర్ తొడిగిన 10 నంబర్ చొక్కాను ఇగ ఎవలికి ఇయ్యొద్దని పక్కకు పెట్టిండ్రు.

ఆ తర్వాత దేశమంతా అడిగింది ఒక్కటే ప్రశ్న. దేశంల అంత పెద్ద ఫైనల్ ఆడుతుంటే, మనిషి పడిపోయినప్పుడు మైదానంల డాక్టర్ ఎట్లున్నడు, అంబులెన్సు ఎట్లున్నది, గుండెను మళ్ల నడిపిచ్చే మిషన్ ఉన్నదా? గుండె ఆగినోనికి ఒక్కొక్క నిమిషం పోతుంటే బతుకు అవకాశం కరిగిపోతది. గుండె మీద ఒత్తుకుంట ఉండాలె, మిషన్ దగ్గరల ఉండాలె. ఈ రెండూ తెలిసినోళ్ళు గ్రౌండ్ పక్కన ఉంటే కొందరు బతుకుతరు. 2021ల యూరోప్ కప్ ఆటల డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సెన్ అందరి ముందట పడిపోలేదా? వాళ్ళు అక్కడికక్కడ గుండె నడిపిచ్చిండ్రు, ఆయన మళ్ల మైదానంల దిగి ఆడిండు. తేడా దేవుడు రాసిన రాతల లేదు. గీత పక్కన ఎవలు నిలబడ్డరు, చేతుల ఏమున్నది, గదే తేడా.

ఎదురొచ్చిన గోల్‌కీపర్‌ను గూడ మరువొద్దు. సుబ్రతా పాల్. అప్పటికి మీసాలు సక్కగ రాని పిలగాడు. ఆయనను తిట్టినోళ్ళు ఎంతమందో. ఆయన ఆట అక్కడనే ఆగిపోయి ఉండొచ్చు. ఆగలే. దేశానికి గోల్‌కీపర్ అయిండు, 2011 ఏషియన్ కప్‌ల ఆయన ఆపిన బంతులు చూసి స్పైడర్‌మ్యాన్ అన్నరు. ఒక్క గుద్దుల ఒకడు పోతే, రెండోవాడు దానిని మోసుకుంట బతకాలె. మోసిండు.

ఇగ మళ్ల బలరాం దిక్కు రాండ్రి.

ఆట పోయినంక ఆయన ఏం జేసిండు? రైల్వే నౌకరీ ఉన్నది. సౌత్ ఈస్టర్న్ రైల్వే. అదే ఆయనను నిలబెట్టింది. హైదరాబాద్ తిరిగి రాలేదు, బెంగాల్‌లనే ఉండిపోయిండు. బీఎన్‌ఆర్ జట్టుకు కోచ్ అయిండు. పిలగాండ్లకు నేర్పిండు. పెండ్లి చేసుకోలే. కలకత్తా పక్కన ఉత్తరపాడాల, గంగ ఒడ్డున ఇల్లు. పీకే బెనర్జీ పెద్ద కోచ్ అయిండు. చునీ గోస్వామి క్రికెట్ గూడ ఆడి బెంగాల్ రంజీ జట్టుకు కెప్టెన్ అయిండు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, చునీకి 1983ల, పీకేకు 1990ల. మూడోవానికి రాలేదు.

బలరాం ఆ మాట మీద బాధపడ్డడు. లోపట దాచుకోలే, బయటికే అన్నడు, పేపరోళ్ళు రాసుకున్నరు. దాని మీద కొందరు, ముసలితనంల ఈ ఆశ ఏంది అన్నరు. నేను ఒప్పుకోను. నేసినోడు కూలి అడిగితే దాన్ని దేబిరించుడు అంటరా? చాదర్ నేసి మాలకుని గద్దె మీద పెట్టిన నాడు మా నాయన కూలి అడగకుంట ఇంటికి రాలేదు. అడగకుంట వస్తే ఇంట్ల జొన్న రొట్టె ఉండేది గాదు. పని చేసినోడు తన పనికి లెక్క అడుగుతడు. మొదటిది మెల్‌బోర్న్, రెండోది రోమ్, మూడోది జకార్త, అన్నిట్ల ఉన్నడు. ముగ్గురిల ఇద్దరికి కూలి ఇచ్చి, తొందరగ పని ఆపినోనికి ఎందుకు ఇయ్యలే అంటే, ఛాతి పట్టినందుకా?

2020 మార్చిల పీకే పోయిండు. ఏప్రిల్‌ల చునీ పోయిండు. నెలన్నర కాకముందే ఇద్దరు. బలరాం ఒక్కడు మిగిలిండు. 2023 ఫిబ్రవరి 16 నాడు ఆయన గూడ పోయిండు, 86 ఏండ్లు. 27 ఏండ్లకు ఆట పోయింది, 86 ఏండ్లకు మనిషి పోయిండు. నడుమ దగ్గర దగ్గర 60 ఏండ్లు. సినిమా వచ్చింది 2024ల. ఆయన దాన్ని చూడలే.

ఇప్పుడు చెప్పు కొడుకా, నీకే చెప్తున్న, చిన్నోడి నాయనవు నువ్వు. వాడు ఫుట్‌బాల్ ఆడుతానంటే వద్దంటున్నవట. గోవా నుంచో పుణె నుంచో ఎవలో చూసిండ్రు, అకాడమీకి రమ్మన్నరంట, నువ్వు కాయితం మీద సంతకం పెట్టనంటున్నవు. భయం నాకు అర్థమైతది. సాంచాల మీద బతికినోళ్ళం, ఎన్నిసార్లు కరెంటు పోయిందో, ఎన్నిసార్లు నూలు ధర పెరిగిందో, గిరణిలు ఎట్ల మూతపడ్డయో చూసినం. ఇంట్ల ఒక్కడన్న సక్కని నౌకరీల ఉండాలని నీ ఆశ.

ఆటగాడు చిన్నప్పుడే సచ్చిపోతడని భయపడకు. జూనియర్ అసువంటిది ఎన్నడో ఒకటి. నువ్వు భయపడాల్సింది బలరాం ముచ్చటకు. ఎందుకంటే ప్రతి ఆటగానికి గూడ ఆట ముందు పోతది, మనిషి వెనక పోతడు. కొందరికి 27ల పోతది, కొందరికి 35ల పోతది. మోకాలు పోతే, ఛాతి పోతే, కోచ్ మనసు మారితే పోతది. బలరాం నడుమ 60 ఏండ్లు ఎట్ల బతికిండు? రైల్వే నౌకరీ మీద. హైదరాబాద్ ఆటగాండ్లు అంత మంది ఎట్ల పుట్టిండ్రు? పోలీస్ ఖాతాల నౌకరీ ఇచ్చి ఆడుకోమన్నరు కాబట్టి. ఆ నౌకరీలు తగ్గినంక ఫతే మైదాన్‌ల బంతి ఆట గూడ తగ్గింది. పైసలున్న కాంట్రాక్టులు వచ్చినయి, మంచిదే, కని కాంట్రాక్టుకు ఆఖరు తారీఖు ఉంటది. పెన్షన్‌కు ఉండదు.

అందుకని వద్దనకు. కాయితం చదువు. మన బీడీ కార్ఖానాల ఆడోళ్ళు ప్రావిడెంట్ ఫండ్ కోసం జెండాలు పట్టుకొని ఎట్ల నడిచిండ్రో నీకు యాదికి లేదు, నువ్వు చిన్నోనివి. నీ తల్లి ఆ నడకల ఉన్నది. అదే తీరుగ అడుగు. కాలు విరిగితే దవాఖాన ఖర్చు ఎవలిది? ప్రాక్టీస్ కాడ అంబులెన్సు, గుండె మిషన్, దాన్ని వాడనీకి తెలిసిన మనిషి ఉన్నరా? వీని చదువు ఆగుతదా, నడుస్తదా? మూడేండ్లకు మీరు వద్దంటే వీడు ఏ కాయితం చేతిల పట్టుకొని ఇంటికొస్తడు?

ఆ అకాడమీ మనిషి ముందర ఈ నాలుగు అడుగు. నవ్వినా పర్వాలేదు, అడుగు. సక్కని జవాబు చెప్తే సంతకం పెట్టు, నేను గూడ పక్కన నిలబడత. ఇంత అడిగెటోని కొడుకు మాకొద్దు అంటే, చిన్నోడా, ఆ జట్టుల నువ్వు ఆడొద్దు. ఇంకో జట్టు చూసుకుందాం. సైకిల్ కిరాయి నేనిస్త.